చేతులు మారిన కారు: భారతదేశంలో పాత కారు ఎంపిక చరిత్ర

భారతదేశంలో మధ్యతరగతి ఇంటి ముందు నిలిచిన తొలి కారు చాలా సందర్భాలలో అప్పటికే ఒకరిద్దరు యజమానుల దగ్గర తిరిగి వచ్చినదే. కొత్త కారుకు ధరతో పాటు అనుమతులు, ఏళ్ల తరబడి నిరీక్షణ కూడా అడ్డుపడిన కాలంలో పాత కారును ఎంచుకోవడం ఒక విద్యగా ఎదిగింది. ఆ విద్యకు పాఠ్యగ్రంథాలు ఏర్పడలేదు. మెకానిక్ షెడ్లలో, బ్రోకర్ల బేరాలలో, రవాణా కార్యాలయాల ఆవరణలలో అది ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. కొనేవారు కోరినవి మాత్రం ప్రతి తరంలోనూ మూడే: ధర అందుబాటులో ఉండాలి, దారిలో ఆగిపోకూడదు, పెట్రోలు తక్కువ తాగాలి. వీటిలో ధర బేరంతో తేలుతుంది, మైలేజీ లెక్కతో తేలుతుంది; దారిలో ఆగిపోదన్న భరోసా ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు చిక్కు. స్వాతంత్ర్యం తర్వాతి ఏడు దశాబ్దాలలో ఈ భరోసా మొదట మెకానిక్ నైపుణ్యంలోను, తర్వాత కారు మోడల్ పేరులోను, ఇటీవల కాగితాలలోను నివాసం ఏర్పరచుకున్నదని ఈ వ్యాపారపు చరిత్రను పరిశీలిస్తే స్పష్టమవుతుంది.

స్వాతంత్ర్యానికి ముందు దేశంలో తిరిగిన కార్లు దాదాపు అన్నీ విదేశాలలో తయారైనవి, లేదా విడిభాగాలుగా ఓడలలో దిగి ఇక్కడ బిగించబడినవి. జనరల్ మోటార్స్ సంస్థ 1928 నుంచి బొంబాయిలో ఈ విధంగా కార్లను బిగించి అమ్మేది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు, ట్రక్కులు 'డిస్పోజల్స్' పేరుతో పౌరుల చేతికి వచ్చి, పాత మోటారు వాహనాన్ని కొని, బాగుచేసి, మళ్లీ అమ్మే వ్యాపారానికి ఊపునిచ్చాయి. మరోవైపు బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో, వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1948లో పుట్టాయి. కార్లను ఇక్కడ బిగిస్తే చాలదు, తయారుచేయాలన్న ప్రభుత్వ విధానం 1953లో గట్టిపడేసరికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు మరుసటి ఏడాదికల్లా కార్ఖానాలు మూసుకుని వెళ్లిపోయాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు భారతీయుడు కొనగలిగిన కార్లు ప్రధానంగా మూడు: మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా 1950ల చివర వచ్చిన అంబాసిడర్, ఫియట్ 1100గా మొదలై 1970ల మధ్యలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారు, 1961లో వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్.

ఈ మూడూ కోరినన్ని దొరకలేదు. ఎంత తయారుచేయాలో లైసెన్సు నిర్ణయించేది, ఉక్కుకు కోటా ఉండేది, దిగుమతి చేసుకోవలసిన భాగాలకు విదేశీ మారకద్రవ్యం కేటాయింపు కావలసి వచ్చేది. ఫలితంగా 1970ల దశకంలో కూడా దేశంలో కార్ల వార్షిక ఉత్పత్తి 50 వేలు దాటలేదు. కొనదలచినవారు డబ్బు డిపాజిట్ చేసి, పేరు నమోదు చేసుకుని, వరుసలో ఏళ్ల తరబడి నిలబడేవారు. పంపిణీని అదుపు చేయడానికి ప్రభుత్వం 1959లో మోటారు కార్ల పంపిణీ, విక్రయ నియంత్రణ ఉత్తర్వును తెచ్చింది. వరుసలో వచ్చిన కారును లాభానికి మారుబేరం చేయకుండా, కొన్న తర్వాత కొంతకాలం వరకు అనుమతి లేనిదే అమ్మరాదన్న షరతు కూడా కొనుగోలుదారు మీద ఉండేది. 1969లో ప్రభుత్వం ధరలను సైతం చట్టబద్ధంగా నిర్ణయించగా, తయారీదారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రీమియర్ ఆటోమొబైల్స్ పేరుతో నడిచిన ఆ వ్యాజ్యం 1971లో తీర్పుకు వచ్చింది.

ధరను కాగితం మీద బంధించినా కొరతను బంధించలేకపోవడం వల్ల ఒక విచిత్ర పరిస్థితి నెలకొన్నది. ముఖ్యంగా ఫియట్ కార్ల విషయంలో, ఏడాది రెండేళ్లు తిరిగిన కారు కంపెనీ నిర్ణయించిన కొత్త ధర కంటే ఎక్కువకు అమ్ముడుపోయేది. ఎందుకంటే అది కంటి ముందు ఉన్న కారు, కొత్తది ఇంకా వరుసలో ఉన్న కారు. వాడేకొద్దీ విలువ తరగడం యంత్రానికి సహజ ధర్మం కాగా, ఇక్కడ నిరీక్షణ కాలమే విలువగా మారి ఆ ధర్మాన్ని తలకిందులు చేసింది. అందువల్ల ఆ కాలంలో 'చౌక కారు' అంటే పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో తిరిగి, ఒకటి రెండుసార్లు ఇంజిన్ విప్పించుకున్న కారు అనే అర్థం. రాయబార కార్యాలయాల సిబ్బంది వాడి వదిలిన విదేశీ కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది గాని, వాటి విడిభాగాలు దొరకకపోవడం, ఇంధనం విపరీతంగా ఖర్చు కావడం వల్ల అవి సంపన్నుల సరదాకే పరిమితమయ్యాయి.

అటువంటి ముదిరిన బండి కొని, దానితో పదేళ్లు సంసారం నడిపించగలిగారంటే, అందుకు కారణం ఆ కార్ల నిర్మాణంలోనే ఉన్నది. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ దశాబ్దాల పాటు మౌలికంగా మారలేదు. 1960ల నాటి బండికి వాడే భాగాలలో అనేకం 1980ల నాటి బండికీ సరిపోయేవి. సిలిండర్ లోపలి గోడ అరిగితే దానిని లేత్ పనివాళ్లు కొద్దిగా పెద్దది చేసి, అందుకు తగిన పెద్ద పిస్టన్ వేసేవారు. దీనినే రీబోరింగ్ అంటారు. అలా పెద్దది చేయడానికి ఇక తావు లేనప్పుడు లోపల కొత్త ఇనుప గొట్టం, అంటే స్లీవ్, దిగ్గొట్టి సిలిండర్‌ను మళ్లీ మొదటి కొలతకు తెచ్చేవారు. కార్బురేటర్ శుభ్రం చేయడం, కాంటాక్ట్ పాయింట్లు గీకి సరిచేయడం, టాపెట్ సందు సర్దడం వంటి పనులు చాలామంది డ్రైవర్లకే తెలుసు. విజయవాడ ఆటోనగర్, హైదరాబాదు రాణీగంజ్ దుకాణాలు, మద్రాసు పుదుపేట, కలకత్తా మల్లిక్ బజార్ వంటి చోట్ల ఈ కార్లకు కావలసిన ప్రతి భాగమూ కొత్తదో పాతదో దొరికేది. కాబట్టి ఆనాటి కొనుగోలుదారుకు నమ్మదగిన కారు అంటే చెడిపోని కారు కాదు. ఏ ఊళ్లో చెడిపోయినా సాయంత్రానికి నడిపించగల కారు. ఈ నిర్వచనం నేటివారికి తక్కువగా కనిపించవచ్చు గాని, కోస్తా పల్లెల మట్టిరోడ్ల మీద, తెలంగాణ జిల్లాల దూరాల మీద అంతకంటే ఆచరణీయమైన నిర్వచనం మరొకటి సాధ్యపడేది కాదు.

ఎంపిక పద్ధతి కూడా దీని నుంచే రూపుదిద్దుకున్నది. కొనేవాడు ఒంటరిగా వెళ్లేవాడు కాడు. తనకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లి, అతడు తల ఊపితేనే బయానా, అంటే బేరం ఖాయమైనందుకు ఇచ్చే ముందస్తు సొమ్ము, చేతిలో పెట్టేవాడు. మెకానిక్ మొదట ఇంజిన్ చల్లగా ఉన్నదో లేదో తాకి చూసేవాడు, ఎందుకంటే అరిగిన ఇంజిన్ లోపాలు వేడెక్కాక కొంతవరకు దాగిపోతాయి గనుక అమ్మేవాడు ముందుగానే స్టార్ట్ చేసి ఉంచడం పరిపాటి. ఆ తర్వాత పొగను చదివేవాడు. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తే పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగి ఇంజిన్ ఆయిల్ మండుతున్నదని, నల్లపొగ వస్తే పెట్రోలు అవసరానికి మించి పోతున్నదని, వేడెక్కిన తర్వాత కూడా తెల్లని పొగ ఆగకపోతే రేడియేటర్ నీరు సిలిండర్‌లోకి చేరుతున్నదని అర్థం. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, అక్కడి నుంచి పొగ ఎగదన్నుతున్నదా అని చూసేవారు. అది పిస్టన్ పక్కల నుంచి వాయువు కిందికి జారుతున్నదనడానికి గుర్తు, అంటే రీబోరింగ్ ఖర్చు దగ్గర్లోనే ఉన్నదన్నమాట. బాడీ మీద వేళ్లతో తట్టి, శబ్దం మందంగా వచ్చిన చోట పుట్టీ పూసి ప్రమాదపు సొట్టలు కప్పారని తెలుసుకునేవారు. కొందరు అదే పనికి చిన్న అయస్కాంతం తీసుకువెళ్లేవారు. సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లకు తలుపుల అడుగున, డిక్కీలో స్టెప్నీ కింద తుప్పు వెతకడం తప్పనిసరి. తిరిగిన దూరం చూపే ఓడోమీటర్‌ను మాత్రం ఎవరూ పట్టించుకునేవారు కారు: ఐదంకెల మీటరు 99,999 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, కేబుల్ విప్పేస్తే అసలు తిరగదు. దానికి బదులు క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ నునుపు, డ్రైవరు సీటు కుంగిన తీరు చూసి వయసు లెక్కగట్టేవారు. ఇది కేవలం అనుభవంతో పట్టుబడిన పరిజ్ఞానం అయినప్పటికీ, దీని వెనుక ఉన్న తర్కం పూర్తిగా శాస్త్రీయమైనది.

ఇంధనం సంగతి కొంత ఆలస్యంగా ముందుకు వచ్చింది. 1973 అక్టోబరులో మొదలైన చమురు సంక్షోభం వల్ల పీపా ముడిచమురు ధర కొద్ది నెలలలో సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దాకా ఎగబాకింది, దేశంలో పెట్రోలు ధర అమాంతం పెరిగింది, కార్ల గిరాకీ పడిపోయింది. లీటరుకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు నడిచే అంబాసిడర్ కంటే, చిన్నదైన 1089 సీసీ ఇంజిన్‌తో పన్నెండుకు అటూ ఇటూ నడిచే ఫియట్‌కు పాత కార్ల బజారులో మొగ్గు ఏర్పడింది. మైలేజీ లెక్కలో ఒక మెలిక ఉన్నది, దానిని ఆనాటి కొనుగోలుదారులు సూత్రంగా చెప్పకపోయినా అనుభవంలో గ్రహించారు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తే 1,500 లీటర్లు, 12 ఇస్తే 1,000 లీటర్లు కావాలి. మిగులు 500 లీటర్లు. అదే కారు 16 ఇచ్చేదానికి బదులు 24 ఇచ్చినా మిగిలేది 250 లీటర్లే. అంటే బాగా తాగే కారును వదిలించుకోవడంలో ఉన్న లాభం, ఇప్పటికే పొదుపుగా నడిచే కారును ఇంకా పొదుపైన దానితో మార్చుకోవడంలో లేదు. అంబాసిడర్ యజమానులు ఈ లెక్కకు తమదైన పరిష్కారం వెతుక్కున్నారు: పెట్రోలు ఇంజిన్ దించి, మెటడార్ వంటి వ్యాన్ల డీజిల్ ఇంజిన్ బిగించుకున్నారు. ఆర్సీ, అంటే వాహన నమోదు, పుస్తకంలో ఇంధనం మార్పును నమోదు చేయించుకోని బండ్లు కొన్నవారికి తర్వాతి రోజుల్లో తిప్పలు ఎదురయ్యేవి గనుక, ఇంజిన్ నంబరును ఆర్సీతో సరిచూసుకోవడం అప్పటి నుంచే ఆచారంలో స్థిరపడింది.

పాత కారు బేరంలోని ఈ మౌలిక సమస్యనే అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో ప్రచురించిన ఒక వ్యాసంలో సిద్ధాంతంగా మలిచాడు. కారు లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. కాబట్టి కొనేవాడు ప్రతి కారులోనూ లోపం ఉండవచ్చని భయపడి తక్కువ ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడానికి ఒప్పుకోడు. చివరికి బజారులో నాసిరకం బండ్లే మిగులుతాయన్నది ఆ వాదన సారాంశం. మూడు పత్రికలు తిప్పిపంపిన ఆ వ్యాసానికే 2001లో ఆయనకు నోబెల్ పురస్కారంలో వాటా దక్కింది. అంతగా గుర్తుకు రాని విషయం ఏమిటంటే, ఎకర్లాఫ్ 1967–68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఏడాది గడిపాడు. ఆ వ్యాసంలో భారతదేశపు మేనేజింగ్ ఏజెన్సీలు, వడ్డీ వ్యాపారుల ప్రస్తావనతో పాటు, బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్లను ఏరుకునే గృహిణి కూడా కనిపిస్తుంది. ఆయన వర్ణించిన కుప్పకూలుడు భారతదేశపు పాత కార్ల బజారులో జరగకపోవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. కొరత కాలంలో మంచి కారు యజమానికి ధర ఎటూ పలికింది. మెకానిక్ అనే మూడో మనిషి ఇరువైపుల తెలివిడి మధ్య ఉన్న అంతరాన్ని చాలావరకు పూడ్చాడు. అన్ని కార్లూ రెండు మూడు రకాలే కావడం వల్ల అతడికి తెలియని కారంటూ బజారులో లేకపోయింది.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీలో తొలి మారుతి 800 తాళాలు అందజేయడంతో ఈ ఏర్పాటు కదిలిపోవడం మొదలైంది. జపాన్‌కు చెందిన సుజుకీతో 1982లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వచ్చిన ఈ కారులో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్ ఉన్నది, బరువు 650 కిలోల ప్రాంతం, శక్తి నేరుగా ముందు చక్రాలకే అందుతుంది కాబట్టి వెనక్కి పోయే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు అవసరం లేదు. ఈ తేలికదనమే మైలేజీని ఒక్కసారిగా లీటరుకు పదహారు–ఇరవై కిలోమీటర్ల దాకా తీసుకువెళ్లింది. మొదట్లో ఇక్కడా నిరీక్షణ తప్పలేదు. కేటాయింపు పత్రాలు సైతం అదనపు ధరకు చేతులు మారాయి. 1986లో కొత్త ఆకృతి వచ్చి, ఉత్పత్తి పెరిగి, 1990లలో అవి పెద్దఎత్తున పాత కార్ల బజారుకు చేరినప్పుడు అసలు మార్పు తెలిసివచ్చింది. పదేళ్ల మారుతి కొనే ఉపాధ్యాయుడికో, చిన్న వ్యాపారికో మెకానిక్ తీర్పు మునుపటంత కీలకం కాలేదు. ఉదయాన్నే తాళం తిప్పితే స్టార్ట్ అవుతుందన్న పేరు ఆ మోడల్‌కు దేశమంతటా ఉన్నది, కాబట్టి విడి బండి గుణదోషాల కంటే మోడల్ పేరే ప్రధాన హామీగా నిలిచింది. అమ్మేటప్పుడు వచ్చే ధరను కొనేటప్పుడే లెక్క వేసుకునే అలవాటు కూడా దీనితోనే బలపడింది. రీసేల్ అనే మాట తెలుగు ఇళ్లలో కారు చర్చకు మొదటి మాటైంది. భారతదేశంలో మామూలు కుటుంబానికి కారును దగ్గర చేసిన ఘనత కొత్త మారుతి కంటే పాత మారుతికే ఎక్కువ చెందుతుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

1993లో కార్ల తయారీకి లైసెన్సు విధానం తొలగిపోవడం, 1998లో హ్యుందాయ్ శాంత్రో, డేవూ మాటిజ్, టాటా ఇండికా రావడం మోడళ్ల సంఖ్యను పెంచాయి. అంతకంటే లోతైన మార్పు కాలుష్య నిబంధనల నుంచి వచ్చింది. సుప్రీంకోర్టు 1999లో రాజధాని ప్రాంతానికి ఇచ్చిన ఆదేశాలతో మొదలై, కార్బురేటర్ స్థానంలో ఎంపీఎఫ్ఐ, అంటే ఒక్కో సిలిండర్‌కు కంప్యూటర్ కొలిచి ఇంధనం చిమ్మే పద్ధతి, కొద్ది ఏళ్లలోనే అన్ని పెట్రోలు కార్లకూ వ్యాపించింది. ఇంజిన్ సాఫీగా, పొదుపుగా నడిచింది. కాని చెవితో విని, పొగను చూసి జబ్బు చెప్పే మెకానిక్ విద్య అప్పటివరకు ఫలించినంతగా ఇక ఫలించలేదు. ఆ ఖాళీలోకి తయారీదారులే ప్రవేశించారు. మారుతి 2001లో ప్రారంభించిన ట్రూ వాల్యూ, తర్వాత మహీంద్రా ఫస్ట్ చాయిస్, 2015 ప్రాంతంలో వచ్చిన కార్స్24, స్పిన్నీ వంటి సంస్థలు పాత కారును తనిఖీ చేసి, కొంతకాలం వారంటీ ఇచ్చి అమ్మే పద్ధతిని తెచ్చాయి.

డీజిల్ కార్ల కథ ఈ మధ్యలోనే పుట్టి పెరిగి తగ్గింది. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటినప్పుడు డీజిల్ 41 రూపాయల దగ్గరే ఉన్నది. ఆ తేడాను చూసి లక్షలాది మంది డీజిల్ కార్లు కొన్నారు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ తొలగి తేడా కుంచించుకుపోయింది. రాజధానిలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 నాటి ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో బలపరచడంతో, అక్కడి బండ్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. వాటిని కొన్నవారిలో ధర చూసి మురిసినవారు, తమ రాష్ట్రంలో తిరిగి నమోదు చేయించి జీవితపన్ను కట్టేసరికి మిగిలింది స్వల్పమని గ్రహించారు.

ఇలా విలువలో పెద్ద వాటా కాగితాలదే అయింది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో యాజమాన్య మార్పును తెలపాలి. అందుకు 29, 30 నంబర్ల ఫారాలు, బ్యాంకు అప్పు తీరినట్లు నమోదు చేయించడానికి 35వ ఫారం, వేరే రాష్ట్రానికి తీసుకుపోవాలంటే 28వ ఫారంతో నిరభ్యంతర పత్రం కావాలి. చేతులు మారినా పేరు మారని కారు ప్రమాదం చేస్తే, ఆర్సీలో పేరున్న వ్యక్తే యజమానిగా బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చిచెప్పింది. తెలుగువారికి 2014 జూన్ 2 తర్వాత ఈ సంగతి మరింత దగ్గరైంది. అంతవరకు ఒకే రాష్ట్రంలో జరిగిన హైదరాబాదు–విజయవాడ బేరం ఆనాటి నుంచి అంతర్రాష్ట్ర బదిలీగా మారి, నిరభ్యంతర పత్రం, పన్ను లెక్క వెంటబెట్టుకుని వచ్చింది.

వరదలు మరో పరీక్ష తెచ్చాయి. 2005 జూలైలో ముంబై, 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. అలా నీటిలో నానిన కార్లలో బీమా సంస్థలు పూర్తి నష్టంగా లెక్కగట్టినవి వేలంలో అమ్ముడుపోతాయి, వాటిలో కొన్ని శుభ్రమై మళ్లీ బజారుకు వస్తాయి. ఇంజిన్‌ను బాగుచేయవచ్చు గాని వైర్ల జాయింట్లలో, కంప్యూటర్ పెట్టెలలో చేరిన తేమ నెలల తర్వాత బయటపడుతుంది. కార్పెట్ కింద సన్నని బురద, సీటు బోల్టుల మీద తుప్పు, సీట్‌బెల్టును పూర్తిగా లాగితే కనిపించే నీటి చారలు వెతకడం ఈ తరం మెకానిక్‌లు నేర్చుకున్న విద్య. పాత చూపు, పాత స్పర్శ ఇక్కడ మళ్లీ అక్కరకు వచ్చాయి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఏ యంత్రభాగం తప్పు చెబుతున్నదో చూపుతుంది గాని, బురద వాసన పట్టలేదు.

అమ్మకందారుల మీద నియమాలు ఆలస్యంగానే వచ్చాయి. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2022 డిసెంబరులో ప్రకటించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి అనుమతిపత్రం తీసుకోవాలి, బండి తనకు అప్పగించిన విషయాన్ని అధికారులకు తెలపాలి, తన అధీనంలో ఉన్నంతకాలం ఆ బండి ఎక్కడికి, ఎందుకు వెళ్లిందో ఎలక్ట్రానిక్ పుస్తకంలో నమోదు చేయాలి. బండి డీలరు అధీనంలో ఉండగా ప్రమాదం జరిగితే పాత యజమాని చిక్కుకునే దుస్థితికి ఇది కొంత అడ్డుకట్ట. రోడ్డు పక్క బ్రోకర్లలో ఎక్కువమంది ఇంకా ఈ చట్రం బయటే పనిచేస్తున్నారు.

ఎలక్ట్రిక్ కార్లు పాత బజారుకు రావడంతో లెక్కలు మళ్లీ మొదటి నుంచి వేసుకోవలసి వస్తున్నది. వాటికి పొగ లేదు, ఇంజిన్ ఆయిల్ లేదు, రీబోరింగ్ లేదు. ధరలో పెద్ద భాగం బ్యాటరీదే, దాని ఆరోగ్యం బయటికి కనిపించదు. కంపెనీలు సాధారణంగా ఎనిమిదేళ్లకో 1,60,000 కిలోమీటర్లకో బ్యాటరీ వారంటీ ఇస్తున్నందున, నాలుగేళ్ల ఎలక్ట్రిక్ కారు ధరను ప్రస్తుతం అది నడిచే తీరు కంటే మిగిలిన వారంటీ కాలమే ఎక్కువగా నిర్ణయిస్తున్నది. ఆ వారంటీ రెండో యజమానికి బదిలీ అవుతుందా, ఏ షరతుల మీద అవుతుందన్నది కొనేవారు బయానా ఇచ్చే ముందు రాతపూర్వకంగా తేల్చుకోవలసిన తొలి ప్రశ్న.